పోపుల డబ్బాలో పొదుపు పాఠం
(పెద్దలు, పిల్లలు కలిసి చదువుకోవలసిన పాఠం)

పిల్లలూ! ఈ పాఠంలో కథ లేదు, పద్యం లేదు. కొన్ని లెక్కలు మాత్రం ఉన్నాయి. భయపడకండి, కూడికలు, గుణకారాలు వస్తే చాలు. ఒక్క షరతు ఉంది. దీన్ని మీరు ఒంటరిగా చదవకూడదు. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి. పైకి చదవడం మీ వంతు, అర్థం కాని చోట విడమరచి చెప్పడం వాళ్ళ వంతు.

పెద్దలకు ఒక మనవి. డబ్బు సంగతులు పిల్లల ముందు మాట్లాడకూడదన్న అలవాటు మనలో చాలామందికి ఉంది. మన చిన్నప్పుడు అది చెల్లింది. జీతం వచ్చిన రోజున నాన్న నోట్లు లెక్కపెట్టడం, పాలవాడికి, కిరాణా కొట్టుకు, ఇంటద్దెకు అమ్మ వేరువేరుగా తీసిపెట్టడం మన కళ్ళతో చూసేవాళ్ళం. ఎవరూ చెప్పకపోయినా నేర్చుకున్నాం. ఇక్కడి పిల్లలకు ఆ దృశ్యం లేదు. కార్డు గీకితే సామాను వస్తుంది, ఫోను నొక్కితే గుమ్మంలోకి పెట్టె వస్తుంది. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, ఎప్పుడు అయిపోతుందో వాళ్ళకు కనబడదు. కనుక ఇప్పుడు మనం కావాలని చెప్పవలసి ఉంది.

మూడు మాటలు

ముందుగా మూడు మాటలకు తేడా తెలుసుకుందాం: పొదుపు, దుబారా, పిసినారితనం.

అవసరమైన దానికి ఖర్చు పెట్టి, అక్కరలేని దానికి ఆపి, రేపటి కోసం కొంత దాచడం పొదుపు. అవసరం ఉన్నా లేకపోయినా చేతికొచ్చినట్టు ఖర్చు చేయడం దుబారా. అవసరమైన దానికి కూడా ఖర్చు పెట్టకపోవడం పిసినారితనం.

చలికాలంలో గది ఖాళీగా ఉన్నా దీపం వెలుగుతూ ఉంటే అది దుబారా. గదిలోనుంచి బయటికి వస్తూ దీపం ఆర్పితే పొదుపు. చెల్లాయి చదువుకుంటుంటే దీపం ఆర్పేస్తే పిసినారితనం! ఈ తేడా తెలిస్తే పొదుపు అనగానే ముఖం ముడుచుకోవలసిన పని ఉండదు.

పోపుల డబ్బా రహస్యం

మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు బ్యాంకు ఖాతాలు ఉండేవి కావు. వాళ్ళ బ్యాంకు వంటింట్లో ఉండేది. పోపుల డబ్బాలో ఆవాల కింద, బియ్యం డబ్బా అడుగున, చీర కొంగు ముడిలో నాలుగు రూపాయలు దాచేవారు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, బడి ఫీజు కట్టే రోజు దగ్గర పడితే, ఆ డబ్బు బయటికి వచ్చేది. ఇంటి పరువు నిలిచేది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. నెలాఖరుకు ఏమైనా మిగిలితే దాద్దామని వాళ్ళు ఎదురుచూడలేదు. చేతికి డబ్బు రాగానే ముందు కొంత డబ్బాలో వేసి, తక్కినదానితో ఇల్లు నడిపారు. పొదుపు అంటే ఖర్చులు పోగా మిగిలింది కాదు, ఖర్చుకు ముందే తీసి పక్కన పెట్టింది. ఈ పాఠం మొత్తంలో గుర్తు పెట్టుకోవలసిన వాక్యం ఇదొక్కటే. ‘మిగిలితే’ అనుకున్న ఇంట్లో ఎప్పుడూ మిగలదు.

ఇది చిన్న మొత్తాలతోనూ సాధ్యమేనని చూపించినవారు మన పల్లె మహిళలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాకు ఎదురుతిరిగారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. ఆ ఊపులోనే ఆ జిల్లా మహిళలు ‘పొదుపు లక్ష్మి’ పేరుతో జట్లు కట్టి, రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. రోజుకు రూపాయి అంటే నెలకు 30 రూపాయలు. 20 మంది జట్టులో చేరితే నెలకు 600. షావుకారు గుమ్మం ఎక్కకుండా విత్తనాలకో, మందులకో ఒకరికి అప్పు ఇవ్వడానికి ఆ డబ్బు ఆసరా అవుతుంది.

ఇప్పటి పోపుల డబ్బా మన పొదుపు ఖాతా. జీతం పడిన రోజునే కొంత మొత్తం తనంతట తానే ఆ ఖాతాలోకి మళ్ళేటట్టు బ్యాంకులో ఒకసారి ఏర్పాటు చేసుకుంటే చాలు. కంటికి కనబడని డబ్బు ఖర్చు కాదు. ఆవాల కింద దాచడంలోని కిటుకు కూడా అదే.

మనకు మరీ ఎందుకు?

ఊళ్ళో ఉంటే ఆపద వచ్చినప్పుడు పక్కింటివారు, మేనమామ, బాబాయి ఎవరో ఒకరు అందుకుంటారు. పరాయి దేశంలో ఆ అండ తక్కువ. పైగా మనకు రెండు ప్రత్యేకమైన అవసరాలున్నాయి.

ఒకటి, అర్ధరాత్రి వచ్చే ఫోను. ఇండియాలో పెద్దవాళ్ళకు ఒంట్లో బాగాలేదని తెలిస్తే మర్నాడే బయలుదేరాలి. తక్కువ ధర టిక్కెట్టు కోసం రెండు నెలలు ఆగే వీలుండదు. అప్పుడు ఇంట్లో రావలసిన ప్రశ్న ‘ఎవరెవరం వెళ్దాం?’ అన్నది మాత్రమే కావాలి. ‘డబ్బు ఎలా?’ అన్నది కాకూడదు.

రెండు, ఉద్యోగం. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి 60 రోజులకు మించని గడువు ఉంటుంది. ఆ రోజుల్లో ఇంటద్దె, కారు వాయిదా, పిల్లల ఖర్చులు ఆగవు. చేతిలో నాలుగు డబ్బులున్న ఇంటివారు నిదానంగా ఆలోచించి నిర్ణయం తీసుకోగలరు. లేనివారు దొరికినదానికల్లా తల ఊపవలసి వస్తుంది.

కనుక ప్రతి ఇంటికీ ఒక ఆపద నిధి ఉండాలి. కనీసం మూడు నెలల ఖర్చు ఉండాలని పెద్దలు చెబుతారు. నెలకు 4,000 డాలర్లు ఖర్చయ్యే ఇంటికి అది 12,000 డాలర్లు. నెలకు 250 చొప్పున దాస్తే 48 నెలలు, అంటే నాలుగేళ్ళు పడుతుంది. అమ్మో అనకండి. మొదటి మెట్టు 3,000 అని పెట్టుకోండి. సరిగ్గా ఏడాదిలో చేరుకుంటారు.

చిట్టా రాద్దాం

దాచాలంటే ముందు డబ్బు ఎటు పోతోందో తెలియాలి. అందుకు ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు. దీన్ని మనవాళ్ళు చిట్టా అనేవారు. వచ్చింది జమ, పోయింది ఖర్చు, ఉన్నది నిల్వ. ఒక నెలపాటు ప్రతి ఖర్చూ రాయండి. రాసే పని పిల్లలకు అప్పగించండి. తెలుగులో అంకెలు చదవడం, కూరల పేర్లు రాయడం కూడా వచ్చేస్తాయి!

ప్రతి ఖర్చు పక్కన ఒక అక్షరం వేయండి. అవసరమైతే ‘అ’, కోరికైతే ‘కో’, ఎందుకు కొన్నామో తెలియకపోతే ‘తె’. నెలాఖరున ‘తె’లన్నీ కూడండి. చూడని చందాలు, వెళ్ళని జిమ్ము, ఆలస్యపు రుసుములు అక్కడే బయటపడతాయి. కోరికలన్నీ కొట్టేయనక్కరలేదు. పండగకు కొత్త బట్టలు కోరికే, అయినా కొనుక్కోవాలి. ‘తె’లు తీసేస్తే చాలు.

వంటింట్లో

అమెరికాలో ఆహారంలో 30 నుంచి 40 శాతం దాకా వృథా అవుతోందని ఇక్కడి వ్యవసాయ శాఖ అంచనా. అన్నం పరబ్రహ్మ స్వరూపమని చెప్పుకునే మనం ఆ లెక్కలో చేరకూడదు.

• కొట్టుకు వెళ్ళేముందు ఫ్రిజ్ తెరిచి చూడండి. ఉన్న కూరలతో వారానికి వంటలు అనుకుని, లేనివే చీటీలో రాయండి. ఆకలితో కొట్టుకు వెళ్ళకండి.

• ధర చూసేటప్పుడు పొట్లం ధర కాకుండా పౌను ధర చూడండి. రెండు పౌన్ల కందిపప్పు 5 డాలర్లు, పది పౌన్లది 20 డాలర్లు అనుకుందాం. మొదటిది పౌను రెండున్నర, రెండవది రెండు. అయితే పది పౌన్ల పప్పుకు పురుగు పడితే ఆ లాభం పోయినట్టే. అందుకని పెద్ద సంచీ కొని రెండు ఇళ్ళవాళ్ళు పంచుకోవడం మేలు. బియ్యానికి, ఉల్లిపాయలకు కూడా ఇదే పద్ధతి.

• పొట్లం మీద ‘ఫలానా తేదీలోపు బాగుంటుంది’ అని ఉంటే అది సాధారణంగా రుచికి సంబంధించిన మాట. ఆ మర్నాడు విషమైపోతుందని కాదు. చూసి, వాసన చూసి నిర్ణయించుకోండి. పసిపిల్లల పాలపొడికి మాత్రం తేదీ తప్పకుండా పాటించాలి.

• రాత్రి మిగిలిన అన్నాన్ని వెంటనే ఫ్రిజ్‌లో పెడితే పొద్దున పులిహోరో, తాలింపు అన్నమో అవుతుంది. మిగిలిన ఇడ్లీ ఉప్మా అవుతుంది. మెంతులు నానబెట్టి చిన్న కుండీలో చల్లితే కిటికీ దగ్గరే మెంతికూర వస్తుంది. ఆ పని పిల్లలది.

ఇంట్లో

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దంటారు. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారే కుళాయి ఏడాదికి 3,000 గాలన్లకు పైగా నీరు వృథా చేస్తుంది. లోపల అరిగిన చిన్న రబ్బరు వాషరు మారిస్తే చాలాసార్లు ఆగిపోతుంది.

పాత ఫిలమెంటు బల్బుతో పోలిస్తే ఎల్‌ఈడీ బల్బు కనీసం 75 శాతం తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఇక థర్మోస్టాట్. చలికాలంలో రోజుకు ఎనిమిది గంటలు, అందరూ నిద్రపోయేటప్పుడో ఇంట్లో లేనప్పుడో, మామూలు కంటే 7 నుంచి 10 డిగ్రీలు తగ్గించి, ఎండాకాలంలో అలాగే పెంచితే, వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చులో ఏడాదికి 10 శాతం దాకా ఆదా అవుతుందని ఇంధన శాఖ చెబుతోంది. పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో మాత్రం వాళ్ళ సుఖమే ముందు.

పుస్తకాలకు, సినిమాలకు ఊరి గ్రంథాలయం ఉంది. కార్డు ఉచితం. ఇంకొక సూచన. మన ఆడపిల్లల పట్టు పరికిణీలు రెండు పండగలు దాటేసరికి పొట్టివైపోతాయి. వాటిని ఉతికి మడతపెట్టి బడికి తెస్తే, ఒక బల్ల మీద పరిచి, కావలసినవారు తీసుకోవచ్చు. ఇచ్చినవారి బీరువా ఖాళీ అవుతుంది, తీసుకున్నవారికి డబ్బు మిగులుతుంది.

రెండు రూపాయల వడ్డీ

ఇప్పుడు అసలు లెక్క. ఊళ్ళో వడ్డీ చెప్పే పద్ధతి వేరు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం. ఆ మాట వినగానే మన తాతయ్యలు ‘అంత వడ్డీకి తెచ్చుకుంటే ఇల్లు గుల్లే’ అనేవారు.

మీ క్రెడిట్ కార్డు కాగితం తీసి వడ్డీ రేటు చూడండి. 24 శాతమో, దానికి కాస్త అటూ ఇటూగానో ఉండవచ్చు. అంటే అది అక్షరాలా రెండు రూపాయల వడ్డీయే! తళతళలాడే కార్డు మీద శాతాల్లో రాసేసరికి మనకు అది షావుకారు వడ్డీలా కనబడదు, అంతే తేడా. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాలకు ‘పావలా వడ్డీ’ పథకం పెట్టింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. అప్పట్లో పల్లెలో పొదుపు సంఘం అక్కకు పావలా వడ్డీ, అమెరికాలో మనకు దానికి ఎనిమిది రెట్లు!

1,000 డాలర్లు బాకీ ఉంచి ఒక్క డాలరూ కట్టలేదనుకుందాం. బారువడ్డీ అయితే ఏడాదికి 240. కాని కార్డుది చక్రవడ్డీ, వడ్డీ మీద మళ్ళీ వడ్డీ. నెలనెలా కలుపుతూ పోతే ఏడాదికి బాకీ 1,268 అవుతుంది. మూడేళ్ళకు 2,040, రెట్టింపు కన్నా ఎక్కువ. ఆలస్యపు రుసుములు ఇందులో కలపలేదు. ప్రతి నెలా గడువులోగా బాకీ మొత్తం కట్టేవారికి కార్డు మంచి సేవకుడు. కనీస మొత్తం మాత్రమే కట్టేవారికి అదే యజమాని అవుతుంది. మంచం ఉన్నంత వరకే కాళ్ళు చాపుకోవాలన్న సామెత ఇలాంటి చోటికే.

చక్రం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఎన్నేళ్ళకు డబ్బు రెట్టింపవుతుందో తెలియాలంటే 72ను వడ్డీ శాతంతో భాగించండి, సుమారుగా జవాబు వస్తుంది. 24 శాతం అప్పు మూడేళ్ళలో రెట్టింపు. 4 శాతం పొదుపు 18 ఏళ్ళలో రెట్టింపు. కనుక ఎక్కువ వడ్డీ బాకీ ఉన్నవారు చిన్న ఆపద నిధి పక్కన పెట్టుకుని, ముందు ఆ బాకీ తీర్చాలి. బాకీ లేనివారు పాప పుట్టిన నాటి నుంచి నెలకు 50 డాలర్లు, 4 శాతం వడ్డీ వచ్చేచోట వేస్తే 18 ఏళ్ళకు దాదాపు 15,780 అవుతుంది. వేసింది 10,800, తక్కినది చక్రవడ్డీ పెట్టిన బిక్ష.

ఇంటికి పంపే డబ్బు

అమ్మానాన్నలకు డబ్బు పంపేటప్పుడు ‘రుసుము లేదు’ అన్న మాట ఒక్కటే చూడకండి. రూపాయి ధర కూడా చూడాలి. లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక సంస్థ రుసుము లేకుండా డాలరుకు 85 రూపాయలు ఇస్తుంది. ఇంకొకటి 5 డాలర్లు రుసుము తీసుకుని 86 ఇస్తుంది. 1,000 డాలర్లకు మొదటిచోట 85,000 చేరతాయి. రెండవచోట 995ను 86తో గుణిస్తే 85,570. ‘ఉచితం’ ఖరీదు 570 రూపాయలు! ఎప్పుడూ ‘అక్కడ చేతికి ఎంత అందుతుంది?’ అని అడగాలి.

2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి విదేశానికి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను పడుతుంది. అమెరికా బ్యాంకు ఖాతా నుంచి గాని, ఇక్కడ ఇచ్చిన కార్డుతో గాని పంపితే ఆ పన్ను లేదు.

పొదుపు చేయకూడని చోట్లు

ఆరోగ్య బీమా, పిల్లల కారు సీటు, పంటి వైద్యం, పిల్లలు అడిగిన పుస్తకం, ఇంటికి వచ్చిన అతిథి. ఇక్కడ తగ్గిస్తే అది పిసినారితనం. ఇండియా నుంచి తల్లిదండ్రులు వచ్చేటప్పుడు వాళ్ళకు ప్రయాణ ఆరోగ్య బీమా తప్పకుండా తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు అది ఎంతవరకు వర్తిస్తుందో చదివి తీసుకోండి. ఆ కొద్దిపాటి డబ్బు మిగుల్చుకోబోతే ఒక్క ఆసుపత్రి బిల్లుతో ఆపద నిధి అంతా ఊడ్చుకుపోతుంది. ఉద్యోగంలో పదవీ విరమణ ఖాతాకు మీరు వేసినదానికి కంపెనీ కూడా కొంత కలుపుతుంటే, దాన్ని పూర్తిగా అందుకోండి.

పిల్లల మూడు సీసాలు

పిల్లలూ! ఇది మీకు. మూడు ఖాళీ పచ్చడి సీసాలు కడిగి ఆరబెట్టండి. వాటి మీద తెలుగులో ‘పొదుపు’, ‘దానం’, ‘ఖర్చు’ అని రాసి అంటించండి. చేతికి డబ్బు వచ్చినప్పుడు అదే వరుసలో వేయండి. ఖర్చు సీసా చివరిది!

పెన్నీలు దొరికితే అవీ వేయండి. చలామణీ కోసం పెన్నీలు ముద్రించడం 2025 నవంబరులో ఆపేశారు గాని, ఉన్నవి చెల్లుతాయి. క్వార్టరు వేసేటప్పుడు ‘పావలా’ అనండి. పదహారణాల రూపాయిలో నాలుగణాలు పావలా, అంటే పావు వంతు. డాలరులో క్వార్టరూ పావు వంతే కదా! ఏదైనా బొమ్మ కొనాలనిపిస్తే దాని పేరు, ధర కాగితం మీద రాసి సీసాలో వేయండి. పది రోజుల తర్వాత కూడా కావాలనిపిస్తే కొనుక్కోండి. చాలా కాగితాలు మీరే చింపేస్తారు.

కొత్త పదాలు

జమ – చేతికి వచ్చిన డబ్బు
నిల్వ – ఖర్చు పోగా ఉన్న డబ్బు
అసలు – అప్పుగా తీసుకున్న మొత్తం
బారువడ్డీ – అసలు మీద మాత్రమే లెక్కించే వడ్డీ
చక్రవడ్డీ – అసలు మీద, వడ్డీ మీద కూడా లెక్కించే వడ్డీ
వాయిదా – విడతలుగా కట్టే డబ్బులో ఒక విడత

అభ్యాసం

1. కాఫీ 4 డాలర్లు. వారానికి ఐదు కాఫీలు బయట తాగితే 50 వారాలకు ఎంత?
2. కార్డు మీద 500 డాలర్ల బాకీ. రెండు రూపాయల వడ్డీ. ఒక నెలకు వడ్డీ ఎంత?
3. గోధుమపిండి 5 పౌన్లు 6 డాలర్లు, 20 పౌన్లు 18 డాలర్లు. పౌనుకు ఎంత తేడా?
4. ‘రూపాయిన్నర వడ్డీ’ అంటే ఏడాదికి ఎంత శాతం?
5. 6 శాతం చొప్పున డబ్బు సుమారుగా ఎన్నేళ్ళకు రెట్టింపవుతుంది?
6. ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ – ఈ సామెత అర్థం అమ్మమ్మనో తాతయ్యనో ఫోనులో అడిగి, రెండు వాక్యాల్లో రాయండి. వాళ్ళు చిన్నప్పుడు డబ్బు ఎక్కడ దాచుకునేవారో కూడా అడగండి.

జవాబులు: 1) 1,000 డాలర్లు 2) 10 డాలర్లు 3) 30 సెంట్లు 4) 18 శాతం 5) 12 ఏళ్ళు. ఆరవదాని జవాబు ప్రతి ఇంట్లో వేరుగా ఉంటుంది. రాసి బడికి తీసుకురండి, తరగతిలో అందరం చదువుకుందాం.